చిటికెడు ఇసుక, ఇరవై మీటర్ల ర్యాంప్

2006 జనవరిలో 5వ తేదీ నుంచి 16వ తేదీ దాకా అమరావతిలో దలైలామా 30వ కాలచక్ర దీక్ష ఇచ్చారు. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల సంప్రదాయం. ధాన్యకటకమంటే మన ధరణికోట, అమరావతి. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది.

కాలచక్ర దీక్షలో కళ్ళన్నీ నిలిచేది ఇసుక మండలం మీద. 722 మంది దేవతలు కొలువుండే మహా భవనాన్ని ఆకాశం నుంచి చూసినట్టు రంగు ఇసుకతో వేస్తారు. భిక్షువులు నాలుగు వైపులా వంగి కూర్చుని, మధ్యలో మొదలుపెట్టి అంచులకు వస్తూ, రోజుల తరబడి పోస్తారు. దీక్ష ముగిశాక మండలాన్ని చెరిపి, ఇసుకను కలశానికి ఎత్తి, పారే నీళ్ళలో కలుపుతారు. ఆ చెరపడం గురించి చాలామంది రాశారు. నేను పోయడం గురించి రాయబోతున్నాను. వెంట్రుకంత గీత తెగకుండా, చెదరకుండా ఇసుకతో ఎలా వస్తుంది? వచ్చాక అది ఎందుకు నిలుస్తుంది?

ఈ ప్రశ్న ఇప్పుడు గుడికీ మఠానికీ మాత్రమే పరిమితమైనది కాదు. 2018 అక్టోబర్‌లో పారిస్‌లోని గ్రాండ్ పాలే భవనం లోపల షనెల్ సంస్థ ఒక సముద్రతీరాన్నే కట్టింది. కృత్రిమంగా అలలు వచ్చి ఇసుకను తడుపుతుంటే, కార్ల్ లాగర్‌ఫెల్డ్ రూపొందించిన 2019 వేసవి దుస్తులు వేసుకున్న మోడళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతో నడిచారు. అది ఇసుక పరిచిన ర్యాంప్. ఆ పరుపు మీద బొమ్మ కూడా వేయాలనుకుంటే పని ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఇసుక ముందు నీళ్ళలా జారాలి. జారి పడ్డ చోటే రాయిలా ఆగాలి. పంకా గాలికీ, పాటల హోరుకీ కదలకూడదు. పాదం పడితే ఆ పాదమే బొమ్మలో భాగం కావాలి. అంతా అయ్యాక ఒక చీపురుతో పోవాలి.

ఇవన్నీ తెలిసిన చేతులు పల్నాడులో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ముగ్గు వేసే ఆడవాళ్ళ చేతులే అవి. వాళ్ళ పనిని కళ అంటాం, ఆచారం అంటాం. అందులో ఉన్న భౌతికశాస్త్రాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ లెక్క వేద్దాం.

ముందు వేళ్ళ సంగతి. ముగ్గు వేసేటప్పుడు పిడికిట్లో పొడి ఉంటుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న సందు ఉంటుంది. పొడి ఆ సందులోంచి కారుతుంది. నీళ్ళకుండకు చిల్లు పడితే కుండ నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా, ఖాళీ అవుతున్నకొద్దీ నీరసంగా వస్తుంది. ఇసుక అలా కాదు. పిడికిలి నిండుగా ఉన్నా, అడుగంటినా ధార ఒకేలా వస్తుంది. ఇసుక గడియారం కాలాన్ని కొలవగలిగింది ఈ గుణం వల్లనే. 1895లో జర్మన్ ఇంజనీరు జాన్సెన్ ధాన్యం నింపిన పొడుగాటి గాదెల మీద కొలతలు తీసి దీనికి దగ్గరి సంగతి ఒకటి పట్టుకున్నాడు. గింజలు ఒకదాని మీద ఒకటి ఒరిగి తమ బరువును పక్కగోడల మీదికి తోసేస్తాయి. గోడల రాపిడే ఆ బరువులో చాలా భాగం మోస్తుంది. అందుకే పైన ఎంత పోసినా అడుగున పడే ఒత్తిడి ఒక హద్దు దాటి పెరగదు.

1961లో బెవర్లూ అనే డచ్చి శాస్త్రవేత్తా ఆయన తోటివారూ రకరకాల గింజలను చిల్లుల్లోంచి కార్చి చూసి, ధార జోరుకు ఒక సూత్రం కట్టారు. చిల్లు వెడల్పు రెట్టింపైతే నీటి ధార నాలుగు రెట్లవుతుంది. గింజల ధార ఐదున్నర రెట్లు దాటుతుంది. వేళ్ళ సందు వెంట్రుకవాసి తేడా పడితే గీత లావైపోవడానికి కారణం ఇదే. ముగ్గు నేర్చుకునే పిల్ల మొదటి వారం పడే అవస్థంతా ఈ సూత్రంతోనే. నమ్మకం కుదరకపోతే ఇంట్లో చేసి చూడండి. కాగితంతో పొట్లంలా చుట్టి, కొనను కత్తిరించి, జల్లెడ పట్టిన పొడి ఇసుక పోయండి. ఒక గ్లాసు ఇసుక ఎన్ని క్షణాల్లో కారిందో చూసి, కొనను ఇంకాస్త కత్తిరించి మళ్ళీ చూడండి. తేడా కళ్ళకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

చిల్లు మరీ సన్నమైతే ఇంకో చిక్కు. రేణువు వెడల్పుకు ఐదారు రెట్ల కంటే సందు చిన్నదైతే రేణువులు ఒకదానికొకటి ఆనుకుని కమానులా నిలబడి దారి మూసేస్తాయి. రాతి కమానులో రాళ్ళు ఏ సున్నమూ లేకుండా ఆగినట్టే ఆగుతాయి. టిబెట్ భిక్షువులు వాడే పరికరం దీనికి విరుగుడు. దాని పేరు చక్‌పుర్. సన్నగా పొడుగ్గా ఉండే లోహపు గరాటు, ఒంటి మీద గరుకు గాట్లు ఉంటాయి. ఇంకో కడ్డీతో ఆ గాట్ల మీద రాస్తే గరాటు వణుకుతుంది, వణుకుకు లోపలి కమాను కూలుతుంది, రేణువులు రాలతాయి. మెల్లగా రాస్తే నాలుగైదు గింజలు, గట్టిగా రాస్తే ధార. పిండిమిల్లులో గింజలు పోసే డబ్బా అదురుతూ ఉండేదీ ఇందుకే. ముగ్గు వేసే చేతికి గరాటూ అక్కర్లేదు, కడ్డీ అక్కర్లేదు. బొటనవేలు చూపుడువేలి మీద కదులుతూ ఉండటమే ఆ వణుకు. విత్తే గొర్రు వెనక నడుస్తూ దాని గిన్నెలో (జడ్డిగంలో) విత్తనం వదిలే చెయ్యి చేసేదీ సరిగ్గా ఇదే పని. నడక వేగం, పిడికిలి వదులు, ఈ రెండూ కలిసి సాలులో గింజకూ గింజకూ దూరం కుదరాలి. పల్నాడు మెట్టపొలాల్లో తరాల తరబడి ఆడవాళ్ళు ఈ పని చేశారు. వాకిట్లో గీసిందీ చేలో విత్తిందీ ఒకే చెయ్యి.

ఇక పడ్డ రేణువు ఎందుకు ఆగుతుంది? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. సమాధానం కళ్ళాపిలో ఉంది.

తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ఆ తడి ఆరీ ఆరకముందు ముగ్గు వేస్తారు. పొడి నేల మీద రేణువు పడితే ఎగిరి దొర్లుతుంది, గీత అంచు చెదురుతుంది. నీళ్ళు నిలిచిన చోట పడితే తడిసి పాకుతుంది. నేల నీటిని పీల్చేసుకుని, మట్టి రేణువుల మధ్య సన్నటి తేమ మాత్రం మిగిలిన ఆ కాసేపే సరైన సమయం. అప్పుడు పడ్డ ప్రతి రేణువుకీ నేలకీ మధ్య కంటికి కనపడని నీటి వంతెన ఏర్పడుతుంది. నీటికి తన ఉపరితలాన్ని కుదించుకునే గుణం ఉంది. దాన్నే తలతన్యత అంటారు. వంతెన కుదించుకోబోతూ రెండు వైపులవాటినీ దగ్గరకు లాగుతుంది. రేణువు ఎంత చిన్నదైతే దాని బరువుతో పోలిస్తే ఈ లాగుడు అంత బలమైనది. పైగా తడి నేల నల్లబడి తెల్లగీత ఎత్తి చూపినట్టు కనపడుతుంది. దుమ్ము లేవదు. వాకిలి శుభ్రం కోసం చల్లే నీళ్ళే బొమ్మకు పునాది కూడా.

ఈ తేమ ఎంత ఉండాలి? ఆమ్‌స్టర్‌డామ్‌లో డేనియల్ బాన్ బృందం 2012లో ఇసుక స్తంభాలు కట్టి కొలిచింది. ఇసుక ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు నీరు కలిసినప్పుడే అది అన్నిటికంటే గట్టిగా నిలబడింది. ఒక్క వంతే! సముద్రం ఒడ్డున గూళ్ళు కట్టే పిల్లలు పోసే నీళ్ళతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఎక్కువ పోస్తే రేణువుల సందులన్నీ నిండిపోయి వంతెనలు మాయమవుతాయి, ఇసుక బురదలా జారుతుంది. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. స్తంభం అడుగు వ్యాసం రెట్టింపు చేసినా ఎత్తు రెట్టింపు కాదు, సుమారు ఒకటిన్నర రెట్లే పెంచుకోవచ్చు. ఇసుకతో ఎత్తులకు పోవాలంటే అడుగున చాలా వెడల్పు ఇవ్వాలి.

ఇప్పుడు ర్యాంప్ లెక్క. నరసరావుపేటలో ఒక కళాశాల పిల్లలు చేనేత దుస్తుల ప్రదర్శన పెట్టుకున్నారనుకుందాం. 20 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. దాని మీద 3 సెంటీమీటర్ల మందాన ఇసుక పరిస్తే 1.2 ఘనమీటర్లు అవుతుంది. పొడి ఇసుక ఘనమీటరుకు సుమారు 1.6 టన్నులు తూగుతుంది కాబట్టి మొత్తం దాదాపు 1.9 టన్నులు. చదరపు మీటరుకు 48 కిలోలు. చెక్క వేదికైతే ఈ బరువును ముందే లెక్కలో వేసుకోవాలి. కట్టడానికి వచ్చిన మేస్త్రికి మనుషుల బరువు మాత్రమే చెప్పి ఊరుకుంటే ప్రమాదం. ఇక నీళ్ళు? నూటికి ఒక వంతు లెక్కన 12 లీటర్లు. రెండు టన్నుల ఇసుకను గట్టిపరచడానికి ఒక బకెట్టు చాలు, సమంగా కలిపితే.

దాని మీద పొడి ఇసుకతో గట్టులా గీత పోస్తే ఎంత ఎత్తు లేస్తుంది? కల్లంలో ధాన్యం రాశి పోసినప్పుడు ఒక వాలు దాటి నిలబడదు, పైన పోసేకొద్దీ పక్కలకు జారుతుంది. ఆ వాలునే విశ్రాంతి కోణం అంటారు. పొడి ఇసుకకు అది సుమారు 34 డిగ్రీలు. ఆ లెక్కన అడుగున 2 సెంటీమీటర్లున్న గీత ఆరేడు మిల్లీమీటర్ల కంటే ఎత్తు లేవదు. అంత చిన్న గట్టు దూరాన కూర్చున్నవాళ్ళకు కనపడాలంటే దీపాలు నడినెత్తిన ఉండకూడదు. పక్కనుంచి, నేలకు దగ్గరగా, ఏటవాలుగా వెలుగు పడాలి. అప్పుడు ఆరు మిల్లీమీటర్ల గట్టుకు కూడా పొడుగాటి నీడ పడుతుంది. పొద్దున్నే లేత ఎండలో ముగ్గు మధ్యాహ్నం కంటే నిండుగా కనపడటానికీ ఇదే కారణం.

పాదం సంగతి వేరే చెప్పాలి. 55 కిలోల మనిషి చదరపు సెంటీమీటరు మడమ ఉన్న జోడు వేసుకుని నడిస్తే, మడమ మోపిన క్షణాన ఆ బరువంతా ఆ చదరపు సెంటీమీటరు మీదే పడుతుంది. వట్టి పాదం సుమారు నూరు చదరపు సెంటీమీటర్ల మీద ఆనుతుంది. అంటే ఒత్తిడిలో నూరు రెట్ల తేడా. ఎత్తుమడమలు ఇసుకలో దిగబడతాయి, మనిషి తూలుతుంది. ఇసుక ర్యాంప్ అనుకున్నప్పుడు పాదరక్షల మాట ముందు తేల్చుకోవాలి. తడి సరిగ్గా ఉంటే ఇసుక మీద కదలడం సులువవుతుందని ఈజిప్టు వాళ్ళకు ఏనాడో తెలిసినట్టుంది. క్రీస్తుపూర్వం సుమారు 1900 నాటి జెహుతిహోటెప్ సమాధి గోడ మీద పెద్ద విగ్రహాన్ని చక్రాల్లేని బండి మీద లాగుతుంటే ఒకడు ముందు నిలబడి ఇసుక మీద నీళ్ళు పోస్తున్నట్టు చిత్రం ఉంది. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు అదే పని ప్రయోగశాలలో చేసి చూస్తే, సరైన తేమ ఉన్నప్పుడు లాగడానికి కావలసిన బలం సగానికి తగ్గింది. తేమ ఇసుక ఆ బండి ముందు గుట్టగా పేరుకోదు.

పూర్తిగా తడిసిన ఇసుక మీద కాలు పెడితే పాదం చుట్టూ ఒక క్షణం ఇసుక తెల్లబడి ఆరినట్టు అవుతుంది. సూర్యలంక తీరంలో నడిచినవాళ్ళు చూసే ఉంటారు. పాదం నొక్కినప్పుడు సర్దుకుని ఉన్న రేణువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి సందులు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోతుంది. 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీన్ని వివరించాడు. ర్యాంప్ మీద ఈ ఆరిన వలయం రావడం మొదలైతే నీళ్ళు మరీ ఎక్కువ పోశారని గుర్తు.

గాలి విషయంలో రాల్ఫ్ బాగ్నోల్డ్ మాట వినాలి. ఎడారుల్లో తిరిగిన ఈ ఆంగ్ల సైనిక ఇంజనీరు 1941లో గాలి ఇసుక మీద పుస్తకం ప్రచురించాడు. ఈనాటికీ ఆ రంగంలో పనిచేసేవాళ్ళు దాన్ని తెరవక తప్పదు. గాలికి అన్నిటికంటే సులువుగా లేచేవి సుమారు 0.08 మిల్లీమీటర్ల రేణువులు. అంతకంటే పెద్దవాటికి బరువు ఎక్కువ, చిన్నవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ర్యాంప్ చుట్టూ పంకాలుంటాయి, ఏసీలుంటాయి, నేలను ఊడ్చుకుంటూ పోయే లంగా అంచులుంటాయి. జల్లెడ పట్టి సన్నపొడిని తీసేసిన ఇసుక వాడటం బొమ్మకీ మంచిది, ఊపిరితిత్తులకీ మంచిది. సన్నటి ఇసుకదుమ్ములోని సిలికా సంవత్సరాల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. రాళ్ళు కొట్టేచోట్ల పనిచేసే కూలీలు దానితో ప్రాణాలు పోగొట్టుకున్నారు. సాధన చేసేవాళ్ళు దుమ్మును ఆపే మాస్కు పెట్టుకుని, ఇసుకను కడిగి వాడాలి.

తెల్లరంగు కోసం సున్నం చల్లకండి. ఈ మాట పల్నాడులో మరీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ సున్నం చేతికందే దూరంలో ఉంటుంది. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల దగ్గర కాలుస్తారు. శుద్ధమైన రాయి నూరు కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. ఆ కాల్చిన సున్నం నీళ్ళు తగిలితే సలసలకాగే వేడి పుట్టిస్తుంది. తడి ఇసుక మీద, వట్టి పాదాల కింద, చెమట పట్టిన చేతుల్లో అది చేసే పని ఊహించుకోవచ్చు. శుద్ధమైన రాయిని కాల్చకుండా పొడి చేస్తే తెల్లగానే ఉంటుంది, నీళ్ళు తగిలినా వేడెక్కదు. కడప వైపు మంగంపేటలో దొరికే బెరైట్స్‌ని జనం ముగ్గురాయి అనే పిలుస్తారు. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లు పైచిలుకు బరువైతే, ముగ్గురాయి నాలుగున్నర రెట్లు. బాగ్నోల్డ్ లెక్కల్లో చూస్తే, గాలికి లేవకుండా పడి ఉండటానికి అంతకంటే మంచి తెల్లపొడి దొరకడం కష్టం.

సున్నపురాయి మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై మ్యూజియంలోనూ ఉన్న అమరావతి శిల్పాలు, మాచర్ల దగ్గర నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాడు చెక్కిన స్తూప ఫలకాలు, ఇవన్నీ పల్నాటి సున్నపురాయే. దుర్గిలో ఈనాటికీ రాతిని చెక్కే శిల్పులున్నారు. మన ఇళ్ళలో పరిచే నాపరాయీ ఆ కుటుంబానిదే. అమరావతి ఫలకాల మీద చుట్టూ రేకులు విచ్చుకున్న పద్మాన్ని చూసినప్పుడల్లా నాకు వాకిట్లో పద్మం ముగ్గు గుర్తొస్తుంది. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళుగా నిలిచినదీ, మధ్యాహ్నానికి చెరిగిపోయేదీ ఒకే పువ్వు.

ఇక చప్పుడు. ఫ్యాషన్ షోలో సంగీతం గుండెల్లో మోగుతుంది. 1787లో క్లాడ్ని అనే జర్మన్ లోహపు పలకల మీద ఇసుక చల్లి, అంచుకు వయొలిన్ కమాను రాశాడు. పలక కంపించని గీతల వెంబడి ఇసుక వెళ్ళి పోగై అందమైన ఆకృతులు కట్టింది. 1831లో మైఖేల్ ఫారడే ఇంకో వింత చూపించాడు. మెత్తటి పొడి మాత్రం ఎదురుగా పోతుంది, ఎక్కువ కంపించే చోట్లకే చేరుతుంది, కారణం పలక పైన పుట్టే చిన్న చిన్న గాలి సుడులు. చెక్క వేదిక కింద పెద్ద స్పీకర్లు పెడితే అదొక పెద్ద క్లాడ్ని పలక అవుతుంది. సంగీతమే బొమ్మను తిరగరాయవచ్చు. ముతక ఇసుక ఒకవైపు, ముగ్గు పొడి ఇంకోవైపు జరుగుతాయి. కాంక్రీటు నేల మీదే ఇసుక పరవడం, స్పీకర్లను వేదికకు తగలకుండా విడిగా నిలబెట్టడం దీనికి మందు. తేమ ఉన్న పరుపు కూడా చాలావరకు అడ్డుకుంటుంది. దీపాల వేడికి ఆ తేమ ఆరిపోతుంది కాబట్టి రెండు ప్రదర్శనల మధ్య పిచికారీ కొట్టక తప్పదు.

ఇసుక శిల్పులు కొందరు పల్చటి జిగురునీళ్ళు పిచికారీ చేస్తారు. తీరం మీద రోజుల తరబడి నిలవాల్సిన శిల్పానికి అది సరే. ర్యాంప్ బొమ్మకు నేను ఒప్పుకోను. జిగురు కలిసిన ఇసుక గట్టిపడి పెచ్చులుగా లేస్తుంది, పాదాలకు గుచ్చుకుంటుంది, మళ్ళీ ఇంకో పనికి రాదు. నది ఇసుక తేలిగ్గా దొరికే వస్తువు కాదు. ప్రదర్శన అయ్యాక జల్లెడ పట్టి, కడిగి, ఏ ఇంటి కట్టుబడికో పంపగలిగేలా ఉండాలి. నీటి వంతెనలు చాలు. అవి పని ఉన్నంతసేపు పట్టి ఉంచుతాయి, ఆరితే వదిలేస్తాయి.

డిజైన్ కోర్సుల్లో చదివే పిల్లలకూ, వేదికలు రూపొందించేవాళ్ళకూ ఒక మనవి. ఇసుకతో ర్యాంప్ వేయాలనుకుంటే బయటి నుంచి నిపుణుల్ని పిలిచేముందు ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున నరసరావుపేటలోనో గురజాలలోనో ఏదైనా వీధిలో నిలబడండి. కళ్ళాపి చల్లాక ముగ్గు గిన్నె పట్టుకునేదాకా ఎన్ని నిమిషాలు ఆగుతున్నారో గడియారం పెట్టి చూడండి. చెయ్యి నేలకు ఎంత ఎత్తున ఉందో, వేళ్ళు ఎలా కదులుతున్నాయో రాసుకోండి. ఆ తర్వాత ఆ అమ్మనే పిలిచి, మీ ర్యాంప్ మీద మొదటి గీత గీయమని అడగండి. ఆవిడకు నిపుణులకిచ్చే రుసుమే ఇవ్వండి.